పైడమ్మ రాయి, మా అత్త

అత్త పోయిందన్న మాట అత్త ఫోన్ నుంచే వచ్చింది.

రంగూన్ శివార్లలో, లైంగ్‌థార్యార్‌లో నేను పనిచేసే బట్టల ఫ్యాక్టరీలో ఆ మధ్యాహ్నం కరెంటు పోయింది. కుట్టు మిషన్లన్నీ ఒక్కసారిగా ఆగిపోతే హాలు ఎంత పెద్దదో అప్పుడు తెలుస్తుంది. ఆ నిశ్శబ్దంలో నా జేబులో ఫోను మోగింది. తెర మీద ‘అత్త’ అని ఉంది. "ఏటి అత్తా, అన్నం తిన్నావా?" అన్నాను. అవతల ఎవరో ఊపిరి తీసుకుంటున్నారు గానీ మాట్లాడ్డం లేదు. కాసేపటికి ఒక మగ గొంతు బర్మీస్‌లో మెల్లగా చెప్పింది, సయామ పొద్దున్న నిద్ర లేవలేదని. అత్త ఉండే మేడలో కింది అంతస్తు ఆయన. నా నంబరు తెలీక, ఆవిడ ఫోను తీసి అందులోంచే నాకు చేశాడు. విషయం అర్థమయ్యాక కూడా నేను ఫోను పెట్టెయ్యలేదు. పెట్టేస్తే ఆ నంబరుతో మాట్లాడ్డం అక్కడితో అయిపోతుంది కదా అనిపించింది.

అత్త అంటే మా నాన్న అక్క. యూనివర్సిటీలో భూగర్భశాస్త్రం చెప్పేది. మా తాతలు విశాఖ పక్క పల్లెల నుంచి రంగూన్ రేవులో మూటలు మొయ్యడానికి వచ్చినవాళ్ళు. ఆ ఇంట్లోంచి పై చదువుకి వెళ్ళిన మొదటి మనిషి ఆవిడ. ఇక్కడ టీచరమ్మని సయామ అంటారు. రంగూన్ నడిబొడ్డున పబేడాన్‌లో మా సందు తెలుగువాళ్ళు దానికి ఇంకో అమ్మ తగిలించి సయామమ్మ అనేవాళ్ళు. పెళ్ళి చేసుకోలేదు. మెడలో నల్లదారానికి చిన్న మడత భూతద్దం ఒకటి ఎప్పుడూ వేలాడుతుండేది. కొత్తవాళ్ళు దాన్ని తాయెత్తు అనుకునేవారు. బజార్లో కందిపప్పు కొన్నా దాంతోనే చూసేది. బస్సులో వెళ్తూ రోడ్డు పక్కన కంకర కుప్ప కనిపిస్తే కిటికీలోంచి సగం మనిషి బయటికి వచ్చేసేది. పాత బ్యాంకు భవనాల రాతి గోడల్ని, పక్కన ఎవరున్నారని చూడకుండా, ఆవుని నిమిరినట్టు నిమిరేది.

"ముందు చూడు, తర్వాత అనుకో" అనేది నాతో. అనుకోవడం ముందు మొదలుపెడితే చూపు పాడవుతుందట. ఇంకో మాట కూడా అనేది: "తెలీదు అని చెప్పడానికి కూడా చదువుండాలే పిల్లా."

అత్తని తలుచుకుంటే నాకు ముందుగా గుర్తొచ్చేది ఒక రాయి. ఆ సంగతి మా సందులో పెద్దవాళ్ళకి తెలుసు. కానీ ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతారు. నేను పక్కనే ఉన్నాను కాబట్టి, అత్త పోయిన ఈ నెలలో ఒకసారి ఉన్నది ఉన్నట్టు చెప్పాలనిపించింది.

ఎనభై ఎనిమిది వానాకాలం అది. నేను అత్త దగ్గర ఉండి చదువుకునేదాన్ని. అమ్మా నాన్నా బగో అనే ఊళ్ళో ఉండేవారు. ఊరంతా రోడ్ల మీదికి వచ్చింది, కాల్పులు జరిగాయి, తర్వాత సైన్యం పగ్గాలు పట్టుకుంది. యూనివర్సిటీ గేట్లకి తాళాలు పడ్డాయి. అప్పటికే మాది తలుపులు మూసుకున్న దేశం. బయటి నుంచి ఒక కొత్త పుస్తకం అత్త చేతికొచ్చి ఎన్నేళ్ళయిందో. ఇప్పుడు ఊరికి ఊరే గదిలో పెట్టి గడియ వేసినట్టయింది. సాయంత్రం కర్ఫ్యూ గంట కొట్టగానే సందులో ఎంత నిశ్శబ్దం పడేదంటే, ఎదురింట్లో అన్నం గిన్నె మీద మూత పెట్టిన చప్పుడు మాకు వినిపించేది.

మా మేడ కింద, వెనక గదిలో పైడమ్మ ఉండేది. పొద్దున్నే మొలకెత్తిన బఠాణీలు ఉడకబెట్టి బుట్టలో పెట్టుకుని సందులన్నీ తిరిగి అమ్మేది. దాన్ని ఇక్కడ పెబ్యోక్ అంటారు. "పె...బ్యోక్!" అని ఆవిడ కేకే మాకు అలారం. ఆవిడకి ఒక్కడే కొడుకు. ఇంట్లో సింహాచలం, కాలేజీలో కో లిన్. కాల్పులు జరిగిన రోజు పొద్దున్న బయటికి వెళ్ళి తిరిగి రాలేదు. సేక్కాన్ రేవు దగ్గర, నది ఒడ్డున, అతని చెప్పు ఒకటి దొరికిందని ఎవరో తెచ్చి ఇచ్చారు. అది అతనిదేనని పైడమ్మ గుర్తుపట్టింది, తెగిన పట్టీని తనే నల్లదారంతో కుట్టింది కాబట్టి.

ఆ తర్వాత కూడా పైడమ్మ బఠాణీలు అమ్మడం మానలేదు. బుట్ట నెత్తి మీద పెట్టుకుని అవే సందులు తిరిగేది. కానీ కేక లేదు. నోరు మూసుకుని తిరిగేది. తలుపు తీసి చూస్తే ఎదురుగా బుట్టతో నిలబడి ఉండేది, ఎప్పటి నుంచి నిలబడిందో తెలిసేది కాదు. పిల్లలు జడుసుకునేవారు. బఠాణీలు అయిపోయాక నది ఒడ్డుకి పోయి బురదలో వెతికేది. ఆటుకి నీళ్ళు వెనక్కి తీసినప్పుడు బురద ఎంత దూరం కనిపిస్తే అంత దూరం వెళ్ళేది. రేవులో పనివాళ్ళు కేకలేసేవారు, వినేది కాదు.

ఒక మధ్యాహ్నం ఆవిడ మా మెట్లెక్కి వచ్చింది. మోకాళ్ళ దాకా బురద. చేతుల్లో గళ్ళ లోంగీ మూట. అది సింహాచలం లోంగీ. కింద కూర్చుని, మూట విప్పి, మా అత్త ముందు పెట్టింది.

సగం కొబ్బరికాయంత ఉంది. గుండ్రంగా, పాలిపోయి, పైనంతా చిన్న చిన్న గుంటలు. మనిషి పుర్రె పైభాగం ఎలా ఉంటుందో నాకు తెలీదు. కానీ ఇలాగే ఉంటుందని ఆ క్షణంలో తెలిసినట్టే అనిపించింది.

"సయామమ్మా, నువ్వు సదువుకున్నదానివి. ఇది ఎముకేనా కాదా సెప్పు" అంది పైడమ్మ. "ఎముకయితే కర్మ సేసీసి ఏడుస్తాను. కాకపోతే ఇంకా ఎతుకుతాను. రెండిట్లో ఏదో ఒకటి సెప్పీ. మద్దిలో ఉండలేకపోతన్నాను."

భూతద్దం విప్పింది. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చాలాసేపు చూసింది. తర్వాత మంచినీళ్ళతో ఒక మూల కడిగి, పైట కొంగుతో తుడిచి, నాలిక ఆనించింది.

"ఓలమ్మో!" అని పైడమ్మ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. అది ఆవిడ కొడుకే అయితే?

"పాత ఎముకకి సన్న సన్న రంధ్రాలుంటాయి. నాలికకి అతుక్కుంటుంది" అని అత్త మామూలు గొంతుతో చెప్పింది, క్లాసులో చెప్పినట్టు. "ఇది అతుక్కోలేదు. బరువు కూడా చూడు. ఎముకకి ఇంత బరువుండదు."

"నీళ్ళు తాగీసి బరువెక్కింది" అంది పైడమ్మ.

అత్త కొంచెం పొడి గీకి వెనిగర్ చుక్క వేసింది. బుస్సుమని నురగ వచ్చింది. పైడమ్మ వెనక్కి జరిగింది. అత్త తల అడ్డంగా ఊపింది. "సున్నపురాయీ పొంగుతుంది, ఎముకా కొంచెం పొంగుతుంది. దీన్ని పట్టి చెప్పకూడదు. కొన్నాళ్ళు నా దగ్గర ఉంచు పైడమ్మా."

పైడమ్మ వెళ్ళాక నేను అడిగాను, ఎముక కాదని నీకు తెలిసిపోయింది కదా, చెప్పెయ్యొచ్చు కదా అని.

"నేను చెబితే నా మీద గౌరవంతో ఊఁ అంటుంది. మెట్లు దిగేలోపు మళ్ళీ అనుమానం వస్తుంది. నా మాట కాదే, దాని కళ్ళు నమ్మాలి."

మొహానికి రాసుకునే తనకా చెక్కని అరగదీసే గుండ్రటి సానరాయి ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. అత్త దాని మీద సన్నటి ఇసుక, నీళ్ళు పోసి, పైడమ్మ తెచ్చినదాన్ని ఒక పక్క అరగదీయడం మొదలుపెట్టింది. రోజూ మధ్యాహ్నం నుంచి కర్ఫ్యూ దాకా. గర్, గర్, గర్. బయట ఏ చప్పుడూ లేని రోజుల్లో ఆ మోత మేడంతా పాకేది. కింది అంతస్తువాళ్ళు ఒకసారి వచ్చి తలుపు కొట్టారు. ఇంట్లో ఏం చేస్తున్నారని కాదు, ఆపెయ్యమనీ కాదు, ఆ శబ్దం మనుషులు చేస్తున్నదేనా అని అడగడానికి వచ్చారు. ఇల్లంతా ఒక వాసన పట్టింది, తడి సున్నం లాంటిది. అరగదీసిన నీళ్ళు బూడిదరంగుగా గిన్నెలోకి చేరేవి. వాటిని పారబొయ్యడానికి నాకు చేతులాడేవి కావు. అత్తకి ఆ సంగతి తెలుసు. తనే తీసుకెళ్ళి తులసి కుండీలో పోసేది.

ఒకరోజు పనాపి నన్ను పిలిచింది. అరగదీసిన పక్క నున్నగా, బూడిదరంగుగా ఉంది. ఏమీ కనిపించలేదు. అత్త దాని మీద నీళ్ళు చిలకరించింది.

రాయి నిండా కళ్ళు తెరుచుకున్నాయి.

ఇంకో మాట నాకు దొరకడం లేదు. పక్కపక్కనే ఇరుక్కుని కూర్చున్న పలకల గళ్ళు, ఒక్కో గడిలో చుట్టూ వెంట్రుకల్లాంటి గీతలు, నడిమధ్య సాలెగూడు అల్లినట్టు ఒక నల్లటి చుక్క. అన్నీ మావైపే చూస్తున్నాయి. నీళ్ళు ఆరుతుంటే ఒకటొకటిగా మూసుకుపోయాయి. అత్త మొహంలో మాత్రం నేను ఆ ఏడాదంతా చూడని సంతోషం. "ఆరు కాదే పిల్లా, నాలుగు! ఇప్పటి పగడాలకి గోడలు ఆరు లెక్కన వస్తాయి. దీనికి నాలుగు. ఈ జాతి ఎప్పుడో పోయింది" అంది. అంతలోనే ఆ సంతోషం ఎవరి ఇంటి సంగతిలో వచ్చిందో గుర్తొచ్చి ఊరుకుంది.

పైడమ్మని పిలిపించి భూతద్దం చేతికిచ్చింది. ఎలా పట్టుకోవాలో చూపించింది. పైడమ్మ ఒక కన్ను మూసి, మళ్ళీ తెరిచి, వొంగి చూసింది.

"ఇన్ని కళ్ళా..."

"కళ్ళు కావమ్మా. ఒక్కో గడి ఒక్కో ఇల్లు. ఒక్కో దాంట్లో ఒక చిన్న జీవి కూర్చునేది. సముద్రంలో. పగడం. పూసలు గుచ్చి మెళ్ళో వేసుకుంటామే, దానికి దూరపు చుట్టం. ఇది ఎముక కాదు. మనిషిది అసలే కాదు."

పైడమ్మ ఇంకోసారి భూతద్దంలోంచి చూసింది. తర్వాత అడిగింది: "అయితే ఇది ఒకప్పుడు బతికిందేనా?"

"బతికిందే."

"ఇప్పుడు లేవా ఇలాటివి?"

"లేవు. ఈ జాతంతా పోయింది. మనుషులనేవాళ్ళు పుట్టకముందే."

"అందరూ ఒక్కసారే పోనారా?"

"ఇంచుమించు ఒక్కసారే."

"ఎవులు సంపీసినారు?"

"తెలీదు పైడమ్మా. చాలామంది వెతుకుతున్నారు. ఇంకా తేలలేదు."

పైడమ్మ తల ఊపింది, అది తనకి బాగా అర్థమైన సంగతైనట్టు. లేచి వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగింది. "ఈ నదిలో రాళ్ళుండవు. నాను రోజూ తొక్కుతున్నాను, అంతా బురదే. మరిది ఎక్కడి నుంచి వొచ్చినట్టు?"

అది అత్త కూడా అడగాలనుకుంటున్న ప్రశ్నే. రేవులోకి దూరం నుంచి కంకర పడవలు వస్తాయి, ఒక ముద్ద జారి పడి ఉంటుంది. అంతవరకు తెలుసు. కానీ దూరం అంటే ఎక్కడ? ఇలాంటి సున్నపురాయి షాన్ కొండల్లో ఉంది, తూర్పు సరిహద్దుకి పోయే దారిలో ఫా-ఆన్ వైపు కొండల్లోనూ ఉంది. పోల్చి చూడాలంటే నమూనాలు యూనివర్సిటీ గదిలో ఉన్నాయి. గేటు దగ్గర సైనికులు ఉన్నారు.

ఒక మిట్టమధ్యాహ్నం రాయిని పచ్చికూరల సంచిలో అడుగున పెట్టి అత్త నన్ను తీసుకుని బయల్దేరింది. గేటు దగ్గర ఆఫీసరుతో, వానకి నమూనాల గది కారుతుంది, పెట్టెలు పక్కకి జరపాలి అని చెప్పింది. తర్వాత చూస్తే నిజంగానే కారుతోంది. అతను అత్త తెల్లవెంట్రుకల్ని చూసి వదిలేశాడు.

ఊరేగింపుల రోజుల్లో ఆ దారుల్లో నేను వేలమంది మధ్య నడిచాను. ఆ రోజు మేమిద్దరమే. గడ్డి మోకాలెత్తు పెరిగి మెట్ల మీదికి వచ్చేసింది. మా అడుగుల చప్పుడుకి మేమే ఆగి వెనక్కి చూసుకున్నాం. ఒక క్లాసుగదిలో నల్లబల్ల మీద సగం రాసిన వాక్యం అలాగే ఉంది, పూర్తి చెయ్యడానికి ఇప్పుడే ఎవరో వస్తారన్నట్టు. భూగర్భశాస్త్రం భవనానికి కాపలా ఉండే ముసలాయన, ఊ బా, తాళాలు తెచ్చాడు. మెట్ల కింద చీకట్లో ఏదో గుట్ట కనిపిస్తే ఏమిటా అని వొంగి చూశాను. చెప్పులు. రబ్బరువి, మఖమల్ పట్టీలవి, ఆడవాళ్ళవి, మగవాళ్ళవి. చాలావరకు ఒంటి చెప్పులు. తడిసి, బూజు పట్టి, అయినా వరసగా పేర్చి ఉన్నాయి.

"ఇవేమిటి ఊ బా?" అని అత్త అడిగింది.

"పరిగెత్తినప్పుడు వదిలేసినవి సయామా. ఏరి పెట్టాను. వాళ్ళొస్తే అడుగుతారు కదా" అన్నాడు.

అత్త ఆ గుట్ట ముందు నిలబడిపోయింది. అందులో ఎన్నో ఆవిడ క్లాసులో కూర్చున్న కాళ్ళవి అయి ఉంటాయి. తర్వాత తన పైటకొంగు తీసి, మీద పైనుంచి కారే నీళ్ళు పడుతున్న ఒక జతని తుడిచి, పక్కకి జరిపింది. మేం పైకి వెళ్ళాం.

నమూనాల సొరుగులు తేమకి ఉబ్బి రావడం లేదు. నేను లాగాను, అత్త లాగింది. షాన్ రాళ్ళు చూసింది, తడిపి చూసింది. గీతలు ఇంచుమించు అలాగే ఉన్నాయి. ఫా-ఆన్ సొరుగు తీసింది. అందులో ఒక పలక, తను విద్యార్థిగా ఉన్నప్పుడు అక్కడి వాగులో తనే ఏరిందట. తడిపింది. అవే గళ్ళు, అదే సాలెగూడు. పగుళ్ళలో అదే ఎర్రటి మరక. రెండూ పక్కపక్కన పెడితే ఏది ఏదో నాకు తెలియలేదు. అత్త వాటిని చాలాసార్లు అటూ ఇటూ తిప్పింది. చివరికి "ఫా-ఆన్‌దే" అంది. గొంతులో సంతోషం లేదు.

ఆ సాయంత్రం పైడమ్మకి అలాగే చెప్పింది. ఫా-ఆన్ దగ్గరి కొండల్లో పుట్టిన రాయి, పడవలో వచ్చి రేవులో పడింది అని.

పైడమ్మ కళ్ళు వెలిగాయి. అప్పటికే ఊళ్ళో గుసగుసలుండేవి, తప్పించుకున్న కుర్రాళ్ళు సరిహద్దుకి పోతున్నారని, ఆ కొండల మీదుగానే పోతున్నారని. "అయితే నా గుంటడు అటే ఎల్లాడు" అంది.

"పైడమ్మా, నేను రాయి సంగతి చెప్పాను. అబ్బాయి సంగతి కాదు."

"పడవల్లో బోల్డు రాళ్ళు వొస్తాయి కదా. ఇదొక్కటే ఎందుకు పడింది? ఆ సెప్పు దొరికిన దగ్గరే ఎందుకు పడింది?"

"ఎందుకూ లేదమ్మా. పడింది, అంతే."

"నీకు తెల్దు. నువ్వే అంటావు కదా, తెల్దంటే తెల్దనాలని."

పైడమ్మ రాయిని లోంగీలో చుట్టుకుని వెళ్ళిపోయింది. మర్నాడు పొద్దున్న మంచం మీద ఉండగానే వినిపించింది: "పె...బ్యోక్!" సందులో తలుపులు ధడాధడా తెరుచుకున్నాయి. నాకు ఏడుపొచ్చింది. లేచి చూస్తే అత్త గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. "నేను రాయి ఊరు చెప్పాను. ఆవిడ దాన్ని కొడుకు చిరునామాగా తీసుకుంది. ఇప్పుడేటి చెయ్యాలే?" అంది నాతో.

చెయ్యడానికి ఏమీ లేకపోయింది. పైడమ్మ కర్మ చెయ్యలేదు. రాయిని గదిలో మూల ఇత్తడి పళ్ళెంలో, నున్నటి పక్క పైకి ఉండేలా పెట్టింది. మామూలప్పుడు అది ఉట్టి బూడిదరంగు రాయి. గాలిలో తేమ పెరిగి వాన వచ్చే ముందు దానికి చెమట పట్టేది, కళ్ళు తెరుచుకునేవి. "మావోడు సూస్తన్నాడు, వాన పడతాది" అనేది పైడమ్మ. పడేది. రాయి చల్లగా ఉంటుంది కాబట్టి తేమ పడుతుందని అత్త నాకు విడమరిచి చెప్పింది. చెబుతూనే, ఆ గది ముందు నుంచి వెళ్ళేటప్పుడు తల తిప్పుకుని వెళ్ళేది.

యూనివర్సిటీ తెరిచారు, మళ్ళీ మూశారు. అలా కొన్నేళ్ళు గడిచాయి. ఒక ఎండాకాలం ఒక సన్నటి మనిషి సందులో పైడమ్మ ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. మొహం పసుపుపచ్చగా, జ్వరాలు తిన్న మొహంలా ఉంది. కో లిన్ స్నేహితుడినన్నాడు. పైడమ్మ లోపలికి రమ్మంది. పేరు కూడా అడక్కుండా మమ్మల్ని కేకేసింది, సయామమ్మ కూడా వినాలని.

మేం వెళ్ళేసరికి అతను గది మధ్యలో నిలబడి ఉన్నాడు. కూర్చోలేదు. మూల ఉన్న పళ్ళెంలోకి చూస్తున్నాడు. ఆ రోజు ఆకాశంలో మబ్బు లేదు. రాయి పొడిగానే ఉంది. అతను వెళ్ళి, కుండలోంచి నీళ్ళు దోసిట్లో తీసి దాని మీద పోశాడు. ఎవరూ చెప్పలేదు అలా పొయ్యమని.

"ఇది ఇక్కడికెలా వచ్చింది?" అన్నాడు బర్మీస్‌లో.

కాల్పుల రోజు కో లిన్ నదిలోకి దూకి, ఒక పడవవాళ్ళు లాగితే బతికాడట. ఇద్దరూ కలిసి ఫా-ఆన్ మీదుగా కొండల్లోకి నడిచారు. మొదటి వానలకే కో లిన్‌కి మలేరియా వచ్చింది. మందు లేదు. కొండ కింద వాగు ఒడ్డున పాతిపెట్టారు. ఆ వాగు నిండా ఇలాంటి రాళ్ళేనట. జ్వరంలో ఉన్నప్పుడు కో లిన్ వాటిని తడిపించి, చేత్తో పట్టుకుని చూస్తూ పడుకునేవాడట.

అత్త అతన్ని ప్రశ్నలడిగింది. రాయి రంగు, పగుళ్ళలో మరక, వాగు ఏ దిక్కు నుంచి వస్తుంది, కొండ ఆకారం. అతను ఒక్కొక్కటీ చెప్పాడు. చెబుతున్నకొద్దీ అత్త మొహం పాలిపోయింది. ఏదో ఒక జవాబు తప్పుగా ఉండాలని ఆవిడ ఎంత కోరుకుంటోందో నాకు తెలుస్తూనే ఉంది. ఒక్కటీ తప్పు రాలేదు.

పైడమ్మ గట్టిగా ఏడవలేదు. "నాకు సెప్పింది సయామమ్మా, ఆ రాయి ముందే సెప్పింది. నువ్వే సదివి సెప్పినావు" అంది. అత్త చెయ్యి పట్టుకుని కళ్ళకద్దుకుంది. అత్త ఆ చెయ్యి లాక్కోలేక, ఉంచలేక నిలబడింది.

కర్మ చేశాక రాయిని నదిలో వదిలెయ్యాలంది పైడమ్మ. అలాంటి నమూనాని పారెయ్యడం అత్తకి ప్రాణం పోయినట్టే. అయినా ఒక్క మాట అనలేదు. ముగ్గురం చిన్న పడవ ఎక్కి నది మధ్యకి వెళ్ళాం. పైడమ్మ లోంగీ మూట విప్పి, రాయిని నీళ్ళల్లో ఒకసారి ముంచింది. పొద్దుటి ఎండలో ఆ కళ్ళన్నీ తెరుచుకుని ఆకాశాన్ని చూశాయి. తర్వాత వదిలేసింది. అత్త ఆ చోటు వైపే చూస్తూ, "ఎప్పుడో ఎవరికో దొరుకుతుంది. ఈ బురదలోకి ఫా-ఆన్ రాయి ఎలా వచ్చిందా అని బుర్ర బద్దలు కొట్టుకుంటారు పాపం" అంది. పైడమ్మ పకపకా నవ్వింది. కొడుకు పోయిన తర్వాత ఆవిడ నవ్వడం అప్పుడే విన్నాను.

ఇంటికొచ్చాక నేను అత్తని అడిగాను, ఇదంతా ఏటత్తా అని. "కాకతాళీయం" అంది. భూతద్దం మడత పెట్టి, "కాకతాళీయం అనే నేను అంటాను. నువ్వు ఏదైనా అనుకో" అంది. అంతకు మించి ఎప్పుడూ మాట్లాడలేదు. కానీ ఒక మార్పు వచ్చింది. ఆ తర్వాత ఎవరైనా రాయి తెచ్చి చూపిస్తే దాని పేరు చెప్పేది, వయసు చెప్పేది. ఏ ఊరిదో మాత్రం చెప్పేది కాదు. విద్యార్థులకి చెప్పేది, పరీక్షల్లో చెప్పేది, ఇంటి గుమ్మంలో నిలబడి అడిగినవాళ్ళకి చెప్పేది కాదు.

పైడమ్మ పోయి చాలా ఏళ్ళయింది. అత్త పదవీ విరమణ చేసింది, కళ్ళు మసకబారాయి. ఈమధ్య సైన్యం మళ్ళీ పగ్గాలు పట్టుకుంది; మళ్ళీ వీధులు నిండి, మళ్ళీ ఖాళీ అయ్యాయి. ఊరంతా నిరసనగా గిన్నెలు మోగించిన సాయంత్రాల్లో అత్త కూడా కర్ర పట్టుకుని లేచి, గరిటెతో స్టీలు పళ్ళెం మోగించింది. వచ్చే పోయే దారులు మూసుకుపోయాక నేను వెళ్ళడం తగ్గింది. ఫోన్లో మాత్రం రోజూ అదే అడిగేది: "ఏటి చూశావే ఇవాళ?" ఏం జరిగింది అని కాదు. ఏం చూశావు అని. నేను ఆలోచించి ఏదో ఒకటి చెప్పేదాన్ని. అత్త పోయాక ఇప్పుడు గమనిస్తున్నాను, రోజూ ఏదో ఒకటి చూడ్డం నాకు అలవాటైపోయింది. ఆవిడ నాకిచ్చింది అదే.

దహనం అయిన మర్నాడు ఒక్కదాన్నే ఆ ఇంటికి వెళ్ళాను. తలుపు తీసి, కిటికీలు తెరిచి, మంచం దుప్పటి మడత పెడుతున్నాను. ఇక్కడి మేడల్లో పై అంతస్తులవాళ్ళు వీధిలోకి ఒక పొడుగాటి తాడు వేలాడదీసుకుంటారు. పేపరువాళ్ళు, కూరలవాళ్ళు కింద నుంచి తాడు లాగితే పైన చిన్న గంట మోగుతుంది, వాళ్ళు తాడుకి కట్టింది పైకి లాక్కుంటారు; కింద అందకపోతే పైవాళ్ళు తాడు ఇంకొంచెం వదులుతారు. అత్త తాడు వరండా కమ్మీకి ఇంకా కట్టే ఉంది.

గంట మోగింది.

వరండాలోకి వెళ్ళి వొంగి చూశాను. మధ్యాహ్నపు ఎండ. సందు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఖాళీ. గాలి లేదు. ఎదురింటి తాళ్ళన్నీ నిటారుగా, కదలకుండా ఉన్నాయి. అత్త తాడు ఒక్కటే ఊగుతోంది, ఎవరో అప్పుడే వదిలినట్టు. "ఎవరూ?" అన్నాను. బర్మీస్‌లో కూడా అడిగాను. ఎవరూ పలకలేదు. తాడు మెల్లగా ఊగడం ఆగింది. ఆగి, మళ్ళీ ఒకసారి బిగిసింది.

అత్త ఉంటే ఏం చేసేదో అదే చేశాను. కమ్మీకి కట్టిన ముడి విప్పి, తాడు ఇంకొంచెం కిందికి వదిలాను.